ఎర్రలైటు ఆరేదాకా...

విజయవాడ ఆటోనగర్ అంటే లారీల పుట్టిల్లు. అక్కడికి మొన్న సంక్రాంతి వెళ్లిన వారంలో ఓ యాభై ఏళ్ల పైబడిన జావా మోటారుసైకిల్ వచ్చింది. దాని జబ్బు ఒక్కటే... బ్యాటరీ చార్జ్ కావడం లేదు. ఒక పూటంతా సాగిన ఆ వైద్యం, ఆ సాయంత్రం దివిసీమ దాకా సాగిన ప్రయాణం ఇది.

బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు మీద తూర్పుగా వెళ్తుంటే పటమట తర్వాత గాలి వాసనే మారిపోతుంది. డీజిలు, కొత్త పెయింటు, వెల్డింగు పొగ, వేడెక్కిన రబ్బరు... అన్నీ కలిసిన వాసన. ఎదురుగా ఛాసిస్ మాత్రమే ఉన్న కొత్త లారీ వస్తుంటుంది. క్యాబిన్ ఉండదు, తలుపులుండవు. ముఖానికి తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు గాల్లో కూర్చున్నట్టే ఉంటాడు. ఆ అస్థిపంజరం ఇక్కడే ఒళ్లు చేసుకుంటుంది. ఒక షెడ్డులో చెక్కపని, పక్క షెడ్డులో రేకుపని, ఆ పక్కన కమాన్ కట్టలు సాగగొట్టే కొలిమి, చివర్లో పెయింటరు. తొట్టి వెనక పువ్వులూ నెమళ్లూ వేసి, పిల్లల పేర్లు రాసి రోడ్డు మీదికి వదులుతారు.

ఊరి నడుమ ఎక్కడపడితే అక్కడ ఉన్న మోటారు షెడ్లను ఒక్కచోటికి చేర్చేందుకు వెలిసిన పేట ఇది. జవహర్ ఆటోనగర్ అని పూర్తి పేరు. విశాఖలోనూ, గుంటూరులోనూ, హైదరాబాదులోనూ ఆటోనగర్లున్నా, ఉత్త 'ఆటోనగర్' అంటే కోస్తా జనానికి గుర్తొచ్చేది మాత్రం ఇదే. ఇక్కడ దొరకని స్పేరుపార్టు లేదంటారు. దొరక్కపోతే చేసిస్తారు కూడా. ఇనుపసామాను కొట్ల ముందు నడుస్తుంటే గేరుబాక్సులు కొబ్బరికాయల్లా రాశులు పోసి కనిపిస్తాయి.

లోపలి వీధుల్లో ఒక దాంట్లో రంగు వెలిసిన బోర్డు ఉంది. 'సెల్ఫ్ - డైనమో - బ్యాటరీ పనులు చేయబడును' అని. బోర్డు పాతది. అందులో మధ్యమాట ఇంకా పాతది. లారీలకూ కార్లకూ డైనమోలు పోయి ఆల్టర్నేటర్లు వచ్చి దశాబ్దాలు దాటింది. "ఏడాదికి నాలుగైదు డైనమోలు వస్తే ఎక్కువండీ. పాత జీపు ఒకటి, పాత ట్రాక్టరు ఒకటి... అంతే. బోర్డు మార్చమని మావాళ్లు అంటారు. మార్చేస్తే ఆ నాలుగైదూ ఎక్కడికి పోతాయి పాపం" అన్నాడు షెడ్డు మేస్త్రీ. అరవై దాటిన మనిషి. కళ్లజోడుకి ఒక కాడ లేదు, దాని బదులు ఎర్రటి వైరు.

నేను వెళ్లినరోజు ఆ షెడ్డు ముందు లారీలు రెండున్నాయి. వాటి మధ్య మెరూన్ రంగులో నిగనిగలాడుతూ ఓ జావా. దాని పక్కన స్టూలు మీద తెల్లచొక్కా వేసుకుని, చేతిలో మేకు లాంటి తాళంచెవి తిప్పుకుంటూ ఒక పెద్దాయన. జావా తాళంచెవి నిజంగా మేకులాగే ఉంటుంది. చూసినవాళ్లెవరూ మరిచిపోరు.

ఒకరు యాక్సిలరేటర్ పట్టుకోవాలి

పెద్దాయన పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. డెబ్భై ఎనిమిదేళ్లు. తిరుపతిలో పశువైద్యం చదివి, అవనిగడ్డ వైపు ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1972లో ఈ బండి కొన్నారు. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారుచేసింది. అక్కడ 1961లో మొదలైన తయారీ 1996 దాకా సాగింది. మధ్యలో బండి పేరు జావా పోయి యెజ్డీ అయింది. మళ్లీ 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు కొత్త బండ్ల మీద తిరిగొచ్చాయి. పాతవాటికీ వీటికీ చుట్టరికం పేరువరకే. పాత జావాది ఒకటే సిలిండరు, పొగగొట్టాలు మాత్రం రెండు. గేరు రాడ్డునే లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డు అవుతుంది. తెలియనివాడు బండి ఎత్తుకుపోవాలన్నా స్టార్ట్ చేయలేడని అప్పట్లో చెప్పుకునేవారు.

"దీని హెడ్‌లైటు వెలుగులో ఎన్ని దూడలు పుట్టాయో లెక్కలేదు బాబూ" అన్నారు డాక్టరుగారు.

అప్పట్లో లంక ఊళ్లకి కరెంటు అంతంతమాత్రం. గేదె ఈనలేక అవస్థ పడుతుంటే అర్ధరాత్రి కబురొచ్చేది. ఆయన వెళ్లి బండిని కొట్టం గుమ్మానికి ఎదురుగా నిలబెట్టేవారు. ఇంజను ఆడుతుండగా లైటు లోపలికి కొట్టాలి. అయితే ఇంజను మెల్లగా ఆడితే డైనమో కరెంటు ఇవ్వదు. పది నిమిషాల్లో లైటు ఎర్రబారుతుంది. అందుకని ఇంట్లో కుర్రాణ్ణి ఒకణ్ణి బండి పక్కన నిలబెట్టి, "ఇదిగో, ఇక్కడిదాకా తిప్పి పట్టుకో, నేను చెప్పేదాకా వదలకు" అని యాక్సిలరేటర్ అప్పగించేవారు. లోపల డాక్టరు, బయట కుర్రాడు. దూడ కాళ్లు బయటికొచ్చేదాకా ఇద్దరికీ చెయ్యి నొప్పే.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. వేలాది మందిని పొట్టనపెట్టుకున్న రాత్రి. గొడ్డూ గోదా లెక్కకే రాలేదు. డాక్టరుగారి అద్దె ఇంట్లోకి నీళ్లొచ్చాయి. బండి రెండ్రోజులు ఉప్పునీళ్లలో నిలబడింది. తర్వాత వారాల తరబడి ఆయన పని ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. "బతికున్నవాటికి సూదులు వేశాం" అని మాత్రం అన్నారు. మరుసటి ఏడు ఎవరి లారీ మీదో బండిని ఈ ఆటోనగర్‌కే తెచ్చి, వైరింగ్ మొత్తం మార్పించారు.

మరి ఇప్పుడొచ్చిన ఇబ్బంది ఏమిటంటే... హైదరాబాదులో ఉన్న కొడుకు తండ్రి మీద ప్రేమతో రెండేళ్ల కిందట బండిని తీసుకెళ్లి, ఊడదీయించి, చట్రంతో సహా కొత్త రంగు వేయించి పంపాడు. చూడ్డానికి షోరూము బండిలా వచ్చింది. నాలుగు నెలలు బాగానే తిరిగింది. ఆ తర్వాత దారిలో ఆగడం మొదలెట్టింది. బ్యాటరీ మార్చారు. మళ్లీ ఆగింది. ఇంకో బ్యాటరీ. మూడోసారి ఉయ్యూరు దగ్గర ఎండలో ఆగితే, డెబ్భై ఎనిమిదేళ్ల తండ్రి బండి తోసుకుంటూ వెళ్తున్న ఫొటో ఎవరో తీసి కొడుక్కి పంపారు. ఇంట్లో పంచాయతీ అయింది. పాతబండ్లు పోగుచేసే బెంగళూరు మనిషి ఒకాయన మంచి ధర ఇస్తానంటున్నాడు. ఇంకొక్కసారి ఆగిందా, అమ్మేయాలి. అదీ ఒప్పందం.

"రాత్రిపూట లైటు వేసుకుని అవనిగడ్డ దాకా ఒక్కసారి ఆగకుండా వెళ్లాలి. అదే నా పరీక్ష" అన్నారాయన. విజయవాడ నుంచి అవనిగడ్డ అరవై, డెబ్భై కిలోమీటర్లు.

ఎర్రలైటు ఏం చెబుతుంది?

బ్యాటరీ పోతే బండి ఎందుకాగుతుందన్న సందేహం మీకు రావచ్చు. అన్ని బండ్లూ ఆగవు. కొన్నింటికి మ్యాగ్నెటో ఉంటుంది, ప్లగ్గుకి కావలసిన కరెంటు అదే పుట్టించుకుంటుంది. ఈ జావాకి అలా కాదు. ప్లగ్గులో నిప్పురవ్వ రావాలన్నా బ్యాటరీయే దిక్కు. బ్యాటరీ ఖర్చు పెడుతుంది, డైనమో సంపాదించి పెడుతుంది. సంపాదన ఆగిపోయినా ఇల్లు కొన్నాళ్లు నడిచినట్టే, బండి కూడా కొంతదూరం హాయిగానే నడుస్తుంది. చిక్కంతా అక్కడే. ఇంటిదగ్గర స్టార్టవుతుంది, వీధి చివర బాగుంటుంది, పొలాల మధ్యకెళ్లాక ఆగుతుంది.

కరెంటు లెక్క తెలిపే ముల్లు ఈ బండికి లేదు. హెడ్‌లైటు డూము మీద చిన్న ఎర్రలైటు, అంతే. తాళం తిప్పగానే వెలుగుతుంది. ఇంజను ఊపందుకోగానే ఆరిపోవాలి. దాన్ని ఒకవైపు బ్యాటరీకి, మరోవైపు డైనమోకి కలుపుతారు. రెండువైపులా వోల్టేజి సమానమైతే దాంట్లోంచి పారడానికి కరెంటు ఉండదు కాబట్టి ఆరిపోతుంది. అంటే అది ప్రమాదం లైటు కాదు, తేడా లైటు.

డాక్టరుగారి బండిలో అది పూర్తిగా వెలగదు, పూర్తిగా ఆరదు. మిణుకుమిణుకుమంటుంది. గతుకులో పడితే ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది. మేస్త్రీ దాన్ని చూసి, "ఇది డైనమో పోయిన లైటు కాదండీ. డైనమో పోతే నిబ్బరంగా వెలుగుతుంది. ఇది ఎటూ తేల్చుకోలేని లైటు" అన్నాడు.

అయినా పరీక్షలన్నీ వరసగానే చేశాడు. ముందు బ్యాటరీ. అది 6 వోల్టుల బ్యాటరీ. మీటరు పెడితే 6.3 చూపింది, అంటే ఆరోగ్యంగానే ఉంది. ఇంజను స్టార్ట్ చేసి రేజ్ ఇస్తే అది 7 దాటాలి. దాటలేదు. 6.2 దగ్గరే ఊగుతోంది. చార్జింగ్ లేదన్నది ఖాయమైంది.

తర్వాత డైనమో. ఇంజను కుడివైపు మూత విప్పితే ఎదురుగా కనిపిస్తుంది. బెల్టూ గొలుసూ ఏమీ లేవు, ఇంజను ఇరుసు మీదే తిరుగుతుంది. దాని నుంచి రెగ్యులేటర్‌కి పోయే తీగలు విప్పి, ఫీల్డు తీగను నేరుగా కలిపి, ఒక బల్బును డైనమోకి తగిలించాడు. మేస్త్రీ దగ్గర ఖరీదైన మీటరుంది, హెల్పరు కుర్రాడు దాన్ని బాగానే వాడుతున్నాడు. కానీ ఈయన ఎక్కువ నమ్మేది రెండు తీగలు వేలాడే ఆ బల్బునే. "మీటరు అంకె చెబుద్ది. బల్బు పని చేయించుద్ది" అన్నాడు. నిజమే. సగం తెగిన తీగలో కూడా మీటరుకి వోల్టేజి నిండుగానే కనిపిస్తుంది. బరువు మోయమంటేనే దాని బండారం బయటపడేది.

రేజ్ ఇవ్వగానే బల్బు భగ్గుమంది. డైనమో నిర్దోషి!

విప్పారు కదా అని దాన్ని శుభ్రం చేశారు. కార్బన్లు సగానికి అరిగాయి, కొత్తవి వేశారు. కార్బన్లు రుద్దుకునే రాగి పలకల మీద మసి తుడిచి, పలకల మధ్య సందుల్లో ఇరుక్కున్న నల్లపొడిని విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో గీకి తీశారు. కుర్రాడు ఎమరీ కాగితం అందుకోబోతే మేస్త్రీ వాడి చెయ్యి పట్టుకున్నాడు. "ఒరే, గ్లాసుపేపరు తియ్యి. ఎమరీ పొడి సందుల్లో కూర్చుందంటే పలక పలకా కలుపుద్ది." ఇలాంటి మాట ఏ పుస్తకంలోనో ఉండే ఉంటుంది. కానీ చెయ్యి పట్టుకుని ఆపేవాడు పుస్తకంలో ఉండడు కదా!

తీగల్లో యాభై ఏళ్లు

ఇక వైరింగ్. హెడ్‌లైటు డూము విప్పగానే మేస్త్రీ కాసేపు మాట్లాడలేదు. డాక్టరుగారు స్టూలు దగ్గరికి జరుపుకున్నారు.

పైపైన ఉన్నవి హైదరాబాదులో వేసినవి. కొత్త టేపు, మెరిసే ప్లాస్టిక్ స్లీవులు. వాటి కింద ఇంట్లో ఫ్యానుకి వాడే సన్న వైరొకటి బ్యాటరీ నుంచి నేరుగా హెడ్‌లైటుకి పోతోంది. ఎప్పుడో ఏ ఊరి సెంటర్లోనో రాత్రిపూట ఎవరో పుణ్యాత్ముడు చేసిన ఉపకారం. దాని కింద హారన్ కోసం వేసిన అతుకు. ఇంకా కింద, టేపు కాకుండా గుడ్డపట్టీ చుట్టి, టంకం పెట్టి, వరసగా కట్టిన పాత తీగలు.

"ఇది డెబ్భై ఎనిమిదిలో ఇక్కడ వేసిందే" అన్నారు డాక్టరుగారు.

"ఎవరు వేశారో కానీ మంచి చెయ్యండీ. అతుకు దగ్గర ఉబ్బే లేదు చూడండి" అన్నాడు మేస్త్రీ. అయితే ఒకచోట తీగ తోలు గీరి చూస్తే, లోపల రాగి పచ్చగా చిలుం పట్టి పొడిలా రాలింది. ఉప్పెనకి ముందునాటి తీగ ఒకటి అప్పుడు మార్చకుండా ఉండిపోయినట్టుంది. బయటికి అంతా బాగానే ఉన్నా లోపల పదిపోగుల్లో మూడో నాలుగో మిగిలాయి. డాక్టరుగారు ఆ ముక్కను అడిగి తీసుకుని జేబులో వేసుకున్నారు.

ఫ్యూజు డబ్బా తెరిస్తే అందులో ఫ్యూజు లేదు. సిగరెట్ పెట్టెలోని వెండికాగితం మడిచి పెట్టారు. ఇది మాత్రం నవ్వుకునే సంగతి కాదు. తీగలు ఎక్కడైనా రాసుకుంటే ముందు కాలాల్సింది ఫ్యూజు. అది కాలకపోతే కాలేది వైరింగ్, ఆ పైన పెట్రోలు ట్యాంకు. పాతబండి ఇంట్లో ఉన్నవాళ్లు మరేం చూసినా చూడకపోయినా ఈ డబ్బా ఒకసారి తెరిచి చూడండి.

6 వోల్టుల బండికి తీగలు ఎందుకింత ముఖ్యమో మేస్త్రీ చెప్పిన తీరు నాకు నచ్చింది. "మీరు బందరు కాలువ దాటి వచ్చారుగా? వాలు ఎక్కువున్నచోట చిన్న బోదెలో కూడా నీళ్లు ఉరుకుతాయి. వాలు లేనిచోట అవే నీళ్లు పారాలంటే కాలువ వెడల్పుండాలి. పన్నెండు వోల్టులంటే వాలు. ఆరంటే మన డెల్టా." లెక్క కూడా అదే చెబుతుంది. 35 వాట్ల హెడ్‌లైటుకి 12 వోల్టుల బండిలో 3 ఆంపియర్లు చాలు. 6 వోల్టులకైతే దాదాపు 6 కావాలి. అంత కరెంటు ఫ్యాను వైరులోంచి పారితే దారిలోనే ఆవిరవుతుంది. మీటరు పెట్టి చూశారు. బ్యాటరీ దగ్గర 6.3, బల్బు దగ్గర 5.3. ఒక వోల్టు దారిఖర్చు! ఒక్క వోల్టే కదా అనుకోవద్దు. బల్బుకి పదోవంతు వోల్టేజి తగ్గితే వెలుగు దాదాపు మూడోవంతు పడిపోతుంది. ఇక్కడ తగ్గింది ఆరోవంతు.

పోనీ డైనమోకి చేవ ఎక్కువుందా అంటే అదీ లేదు. అది 45 వాట్లది. హెడ్‌లైటు 35, వెనక లైటు 5, ఇంజను నిప్పురవ్వకి ఇంకో పది, పదిహేను. కూడి చూడండి. రాత్రిపూట ఈ బండి సంపాదనకీ ఖర్చుకీ సరిగ్గా సరిపోదు కూడా. ఆ కాస్త తేడా బ్యాటరీ భరించాలి. మధ్యలో తీగలు కూడా తినడం మొదలెడితే ఇంకేం మిగులుతుంది?

రంగు గీకాల్సి వచ్చింది

ఇంత చూశాక కూడా అసలు దొంగ దొరకలేదు. డైనమో కరెంటు ఇస్తోంది. అది బ్యాటరీకి ఎందుకు చేరడం లేదు? మధ్యలో ఉన్నది రెగ్యులేటర్ డబ్బా. దాంట్లో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, డైనమో మరీ ఎక్కువ ఇవ్వకుండా అదుపు చేయడం. రెండోది కటౌట్. డైనమో వోల్టేజి బ్యాటరీని మించినప్పుడే తలుపు తీస్తుంది, తగ్గగానే మూసేస్తుంది. మూయకపోతే ఆగిన బండిలో బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పారి కాయిల్ కాలిపోతుంది.

మూత తీసి చూస్తే పాయింట్లు శుభ్రంగా ఉన్నాయి. కాయిల్ బాగుంది. కుర్రాడు, "గురూ, రెగ్యులేటర్ మార్చేద్దాం, ఎలక్ట్రానిక్‌ది దొరుకుద్ది" అన్నాడు. మేస్త్రీ పలకలేదు. టెస్ట్ బల్బు ఒక తీగ బ్యాటరీ ప్లస్సుకి పెట్టి, రెండోది రెగ్యులేటర్ ఇనుప అడుక్కి ఆనించాడు. బల్బు వెలగలేదు. పక్కనే ఇంజను మీద ఆనించాడు. వెలిగింది. మళ్లీ రెగ్యులేటర్ మీద. లేదు. డబ్బాను వేలితో అటూ ఇటూ కదిపితే ఒక్కసారి మిణుక్కుమంది.

"దొరికాడండీ" అన్నాడు.

సంగతేమిటంటే, బండిలో కరెంటు వెళ్లేది తీగల్లో, తిరిగొచ్చేది చట్రంలో. దాన్నే ఎర్త్ అంటారు. రెగ్యులేటర్ డబ్బా చట్రానికి ఇనుముకి ఇనుము తగిలి ఉంటేనే దానిలోని కాయిల్‌కి తిరుగుదారి ఉంటుంది. కాయిల్‌లో కరెంటు పారితేనే కటౌట్ తలుపు తెరుచుకుంటుంది. హైదరాబాదులో చట్రానికి వేసిన రంగు మందంగా, అందంగా, చక్కగా, డబ్బా కూర్చునే చోట కూడా వేశారు. రంగు కరెంటుని పోనివ్వదు. బోల్టు మరలు కాస్త తగులుతూ మొదటి నాలుగు నెలలు నెట్టుకొచ్చాయి. ఒక వానాకాలం గడిచి, మరలకి తుప్పు పట్టాక అదీ పోయింది. బ్యాటరీలు రెండు మార్చారు గానీ జబ్బు బ్యాటరీది కానే కాదు. కొత్త రంగుది.

మేస్త్రీ గ్లాసుపేపరు చేత్తో పట్టుకుని డాక్టరుగారి వైపు చూశాడు. "రూపాయి బిళ్లంత మేర రంగు గీకాలండీ. మూడుచోట్ల. మళ్లీ వేయకూడదు."

"మావాడు చాలా ఖర్చుపెట్టాడయ్యా దానికి."

"పైకి కనపడదండీ. డబ్బా కిందే ఉంటుంది."

డాక్టరుగారు కొడుక్కి ఫోన్ చేశారు. కొడుకు పన్నెండు వోల్టులకి మార్పించేయమన్నాడు. ఇప్పుడందరూ అదే చేయిస్తున్నారట. మేస్త్రీ ఫోన్ తీసుకుని, "చేసుకోవచ్చు బాబూ, తప్పేం లేదు, లైటు బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఈ ఎర్త్ ఇలాగే ఉంటే పన్నెండైనా ఇంతే. ముందు ఇది చేయనీ. బాగోకపోతే అప్పుడు చూద్దాం" అన్నాడు. పాతబండిని పాతగానే ఉంచాలన్న పట్టుదల ఆయనకేమీ లేదు. వెనక లైటుకి ఎల్ఈడీ బల్బు వేయమని తనే సలహా ఇచ్చాడు. 5 వాట్లలో ఎక్కువ భాగం మిగులుతుంది కదా! నాకూ అదే సబబనిపించింది. పాతదనం పేరుతో చీకట్లో గుడ్డిలైటు వేసుకుని తిరగడం గొప్పేమీ కాదు. అలాగని జబ్బేమిటో చూడకుండా అవయవాలు మార్చుకుంటూ పోవడమూ వైద్యం కాదు. పశువుల డాక్టరుగారు ఈ మాటకి తలూపారు.

మూడుచోట్ల రంగు గీకారు. రెగ్యులేటర్ కింద, ఇంజను చట్రానికి బిగిసే బోల్టు దగ్గర, బ్యాటరీ మైనస్ తీగ కలిసేచోట. తెల్లటి ఇనుము బయటపడింది. తుప్పు పట్టకుండా వ్యాజిలిన్ పూశారు. అంతటితో ఆగకుండా రెగ్యులేటర్ అడుగు నుంచి బ్యాటరీ మైనస్‌కి నేరుగా ఒక లావుపాటి తీగ వేశారు. ఫ్యాను వైరు పీకేశారు. కొత్త తీగలకి లగ్గులు వత్తి, టంకం పెట్టారు. పదిహేను ఆంపియర్ల ఫ్యూజు వేశారు. డెబ్భై ఎనిమిదినాటి తీగల్లో బాగున్నవాటిని మేస్త్రీ ముట్టుకోలేదు. "ఇవి నాకంటే బాగున్నాయి, ఉండనీండి" అన్నాడు.

చివరగా ఇంకో తతంగం ఉంది. చాలాకాలం చార్జింగ్ లేని డైనమో తనలో మిగిలే కాస్త అయస్కాంతాన్ని పోగొట్టుకోవచ్చు. అదుంటేనే కరెంటు పుట్టడం మొదలవుతుంది. అందుకని ఫీల్డు తీగకి బ్యాటరీ కరెంటుని ఒక్క క్షణం తాకించి తీసేస్తారు. చిన్న నిప్పురవ్వ, అంతే. "నిద్రలేపడం" అంటాడు మేస్త్రీ.

గేరు రాడ్డు నొక్కి, పైకి తిప్పి, డాక్టరుగారే కిక్ కొట్టారు. రెండో కిక్కుకి అందుకుంది. ఎర్రలైటు వెలిగింది. యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పారు. ఆరిపోయింది. మీటరు 7.1. హెడ్‌లైటు వేస్తే బల్బు దగ్గర 6 దాటి చూపిస్తోంది. కుర్రాడు పట్టపగలు షెడ్డు గోడ మీద పడ్డ వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టి నీడ చూసుకున్నాడు. కార్బన్లు, తీగలు, ఫ్యూజు, ఒక పూట కూలి... మొత్తం కలిపి డాక్టరుగారు అంతకుముందు మార్చిన ఒక బ్యాటరీ ఖరీదు కాలేదు.

పులిగడ్డ దాకా

నాలుగున్నరకి బయల్దేరాం. డాక్టరుగారు ముందు, వెనక నా బండి. కంకిపాడు, ఉయ్యూరు దాటేదాకా బందరు రోడ్డు వాహనాల హోరు. పామర్రులో కుడివైపు కూచిపూడి దారి పట్టాక లోకం నెమ్మదించింది. వరికోతలయిన పొలాల్లో మినుము మోకాలి ఎత్తుకైనా రాకుండా పచ్చగా పరుచుకుని ఉంది. రెండు పొగగొట్టాల నీలిపొగ, నూనె కలిసిన పెట్రోలు వాసన. రోడ్డు పక్క అరుగుల మీద ముసలివాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. వాళ్లకి ఆ చప్పుడు తెలుసు.

కూచిపూడి దాటాక చీకటి పడింది. డాక్టరుగారు లైటు వేశారు. కొత్త బండ్ల తెల్లటి లైట్లలా కాదు, పసుపుపచ్చగా, దీపం పట్టుకున్నట్టు ఉంటుంది. అయితే గతుకు దగ్గర రెప్పవేయలేదు. చల్లపల్లి సెంటర్లో వాహనాలు అడ్డమై ఆగాల్సి వచ్చింది. ఇంజను నెమ్మదించగానే వెలుగు తగ్గింది, ఎర్రలైటు మెల్లగా కన్ను తెరిచింది. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. యాక్సిలరేటర్ మీద చెయ్యి కొంచెం తిప్పి పట్టుకున్నారు, అలాగే పట్టుకుని ఉన్నారు. దారి దొరికేదాకా.

మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర అక్విడక్టు పక్కన బండి ఆపారు. ఇంజను మాత్రం ఆపలేదు. టీ కొట్టువాడు, "బండి ఆపండి మాస్టారూ, పెట్రోలు దండగ" అంటే, "ఆపితే మావాడు అమ్మేస్తాడయ్యా" అన్నారు. వాడికి అర్థం కాలేదు. నిలబడే టీ తాగారు. అవతల కృష్ణ మీద చలిగాలి. జేబులోంచి ఆ పచ్చగా చిలుం పట్టిన తీగముక్క తీసి, కాసేపు వేళ్ల మధ్య నలిపి, మళ్లీ జేబులోనే వేసుకున్నారు.

ఏడు దాటి పావుగంటకి అవనిగడ్డలో తమ్ముడి ఇంటి ముందు తాళం తీశారు. దారిలో ఒక్కసారీ ఆగలేదు. లోపల్నుంచి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఆయన హెల్మెట్ తీయకముందే ఫోన్ మోగింది. ఆటోనగర్ నుంచి.

"ఎర్రలైటు ఎట్టా ఉందండీ?"

"చల్లపల్లిలో ఒకసారి వెలిగిందయ్యా, ఆగినప్పుడు."

"అది వెలగాలండీ. వెలగకపోతేనే నాకు చెప్పండి."

బెంగళూరు మనిషికి ఏం చెప్పాలన్నది మాత్రం ఇంట్లో ఇంకా తేలలేదు. మర్నాడు తిరుగు ప్రయాణం ఉందిగా, అదయ్యాక చూద్దాం అన్నారు డాక్టరుగారు.